సిత్రా కాజ్‌వే మీద మిస్సింగ్

ఇంజన్ పూర్తిగా ఆగిపోతే నాకేమీ కాదు. ఆగిపోయిన బండి నిజాయితీ గల బండి. దాని పక్కన గొంతుకూర్చుని తీరిగ్గా విచారించవచ్చు. నాకు పడనిది, నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒక్క దెబ్బ మింగేసే బండి. మా వీధిలో ఇప్పటికీ ఏ పాలవాడి మోటారుసైకిలో అలా ఒకటి మింగితే, చేతిలో పేపరు చేతిలోనే ఉంటుంది, నేను మాత్రం తర్వాతి దెబ్బ కోసం చెవి పెట్టి ఉంటాను. అది వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. రాకుండా పోయిన ఆ ఒక్కటి మాత్రం చాలాసేపు గదిలోనే ఉంటుంది. అలాంటప్పుడు పిలిస్తే పలకను కాబట్టి మా ఆవిడ నాకు చెవుడు మొదలైందనుకుంటోంది. నేను సరిదిద్దలేదు. చెవుడయితే ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు.

మెకానిక్కులు దీన్ని మిస్సింగ్ అంటారు. సిలిండరులో మండాల్సిన పెట్రోలు ఒక్కసారి మండకుండా ఊరుకుందని అర్థం. ఎందుకు ఊరుకుందో కనుక్కోవడం ఒకప్పుడు నా ఉద్యోగంలో సగం. కనుక్కున్నదాన్ని ఇంగ్లీషులో రాయడం మిగతా సగం. తొంభైల మొదట్లో, బహ్రెయిన్‌లో, హూరాలో ఒక సందు చివర మోటారుసైకిళ్లు బాగుచేసే దుకాణంలో ఈ రెండు పనులూ చేసేవాణ్ణి. చదివింది బీయస్సీ ఫిజిక్సు. వీసాలో నా వృత్తి వడ్రంగి. రెండింటిలో దేన్నీ ఎవరూ పరీక్షించలేదు కాబట్టి గొడవ లేకుండా గడిచిపోయింది.

మా పెద్ద మెకానిక్కు నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ముసల్మాను. యాభై దాటాయి. అందరూ ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "డిగ్రీ, ఆ పానా ఇటియ్యి." "డిగ్రీ, రెండు చాయ్ చెప్పు." మా కాలేజీ ప్రిన్సిపాలు కూడా నా డిగ్రీని అన్నిసార్లు తలుచుకుని ఉండడు.

ఉస్తాద్‌కి ప్లగ్గు చదవడం వచ్చు. ఇంజన్‌లోంచి స్పార్క్ ప్లగ్గు విప్పి, మంట తగిలే కొసను వెలుతురుకు పెట్టి, జాతకం చూసేవాడిలా కాసేపు చూసేవాడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. సున్నం కొట్టినట్టు ఉంటే గాలి ఎక్కువై ఇంజన్ మాడుతోంది. జిడ్డుగా తడిగా ఉంటే లోపల రింగులు అరిగాయి. బిస్కెట్ రంగులో ఉంటే ఒంట్లో ఏ జబ్బూ లేదు. బండి సంగతే కాదు, నడిపేవాడి సంగతి కూడా చెప్పేవాడు. "వీడు చోక్ గుంజి మర్సిపోతడు, నిద్రమొగపోడు." "వీడు ఉత్తగనే రేజ్ జేస్తడు, ఎవలకో సూపిచ్చుకోనీకి." తొంభై పాళ్లు నిజమయ్యేది. మిగతా పది పాళ్లు బండి యజమాని ఒప్పుకునేవాడు కాదు.

బిస్కెట్ రంగులో ఉన్న ప్లగ్గును మార్చకూడదన్నది మా దుకాణంలో చట్టం. మార్చామంటే మాకు చదువు రాదని ఒప్పుకున్నట్టే. పక్క సందులో ఒకతను బండి రాగానే ముందు కొత్త ప్లగ్గు వేసి తరవాత ఆలోచించేవాడు. వాడి గురించి ఉస్తాద్, చచ్చిపోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడేవాడు. మూడేళ్లలో నాకూ చదవడం వచ్చింది. ఫిజిక్సులో విద్యుత్తు పేపరు రెండోసారి రాసి గట్టెక్కినవాణ్ణి. ఇది మొదటిసారికే వచ్చింది కాబట్టి కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా దగ్గరికి వచ్చే వాటిలో ఎనిమిది బండ్లు ఒక బేకరీవి. అందులో ఒకదాన్ని నడిపేది మా తూర్పుగోదావరి మనిషి, ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డు ఊరు. నలభై అయిదేళ్లుంటాయి. వయసులో చిన్నవాళ్లమందరం బాబాయ్ అనేవాళ్లం. రోజూ తెల్లవారుజామున సమూన్ రొట్టెలు, అంటే జానెడు పొడుగున మెత్తగా ఉండే బన్నులు, వెనక పెట్టె నిండా సర్దుకుని, సముద్రం మీద వేసిన కాజ్‌వే దాటి, సిత్రాలో కాంట్రాక్టు కూలీల క్యాంపుకు చేర్చాలి. క్యాంపు బస్సులు అయిదున్నరకు కదులుతాయి. రొట్టె వాటికంటే ముందు చేరాలి. చేరకపోతే అంతమంది మనుషులు ఖాళీ కడుపుతో రిఫైనరీ ఎండలోకి పోతారు. క్యాంపు బాసు బేకరీకి ఫోను చేస్తాడు. బేకరీ మేనేజరు రొట్టె మోసేవాడి కోసం వెతుకుతాడు.

ఆగస్టులో ఒకరోజు, ఉదయం పది దాటాక, బాబాయ్ బండి తోసుకుంటూ కాదు, నడుపుకుంటూనే వచ్చాడు.

"అబ్బాయ్, బండి ఎక్కిళ్లు పెడతాంది."

"ఎక్కడ?"

"కాజ్‌వే మీద. సగం దాటేక ఠక్కున ఒకటి మింగుద్ది. మళ్లీ పోద్ది. మళ్లీ రెండు మింగుద్ది. కాంపు కాడికి పోయి కాసేపు నిలబెట్టేసరికి ఏమీ ఎరగనట్టుంటది."

"రోజూ అక్కడేనా?"

"రోజూ అక్కడే. ఏటో మరి, వెనకాల ఎవరో ఎక్కి కూకున్నట్టు లాగుద్ది."

ప్లగ్గు విప్పాను. బిస్కెట్ రంగు. డబ్బా మీద బొమ్మగా వేసుకోవచ్చు, అంత బిస్కెట్. గ్యాప్ కొలిచాను, సరిగ్గా ఉంది. కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పి నీళ్లు చేరాయేమో చూశాను, లేవు. ప్లగ్గును కేబుల్‌కి తగిలించి ఇంజన్‌కి ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ టపటపా దూకింది. ఉస్తాద్ వచ్చి, నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని, వెలుతురుకు పెట్టి, తిరిగి ఇచ్చేశాడు.

"ఏం గాలే. మంచిగున్నది. తీస్కపో భాయ్."

అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ బాబాయ్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఊరికే నిలబడ్డ మనిషిని చూస్తే ఏదో ఒకటి చెప్పి పంపాలనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం.

"నీకు తెలీదా బాబాయ్? కాజ్‌వే కట్టేటప్పుడు ఒక కూలీ నీళ్లలో పడిపోయాడట. ఇప్పటికీ తెల్లారేసరికి డ్యూటీకని వచ్చి అక్కడ నిలబడతాడట. బస్సు దొరక్క నీ బండి ఎక్కుతున్నాడు."

"నిజవే?"

"ఓవర్‌టైం కూడా ఇవ్వరట, పాపం."

ఉస్తాద్ నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఇంజన్లలో ఆలస్యం పట్టుకోవడం నా వృత్తి. మనుషుల్లో పట్టుకుంటే జీతం ఇచ్చేవాళ్లెవరూ లేరు.

పని చీటీ మీద 'లోపమేమీ కనిపించలేదు' అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను.

వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాడు. రొట్టెలు రెండుసార్లు ఆలస్యంగా చేరాయట. మేనేజరు పిలిచి గట్టిగా చెప్పాడట. ఈసారి బండి నేనే నడిపి చూశాను. హూరా సందులన్నీ తిరిగాను, సముద్రం పక్క రోడ్డు మీద లాగించాను. పది గంటల ఎండలో గడియారంలా కొట్టుకుంది. తిరిగొచ్చి ప్లగ్గు విప్పితే అదే బిస్కెట్.

"ఇంత బాగున్న బండితో ఎందుకు ఆలస్యమవుతోంది బాబాయ్?"

ఆయన నేల చూపులు చూశాడు. "కాజ్‌వే ఎక్కేముందు కాసేపు ఆగుతున్నాను. కూసింత వెలుగు రానిచ్చి పోతన్నాను."

"దేనికి?"

"ఆ మనిషికి ఒక్క కాలికే చెప్పు ఉంటదంట గదా."

నేను తయారుచేసిన దెయ్యానికి చెప్పుల్లేవు. అంతదూరం ఆలోచించలేదు. సిత్రా క్యాంపు దాకా వెళ్లి తిరిగి వచ్చేలోగా ఎవరో దయతలిచి ఒకటి ఇచ్చారన్నమాట.

"బాబాయ్, అది నేను సరదాకి చెప్పాను. నా సొంతం."

"నువ్వు సరదాకే చెప్పేవు. కాంపులో వోళ్లు చూసేరు."

రెండో చీటీ మీద కూడా మొదటి వాక్యమే రాశాను.

మూడోసారి వచ్చినప్పుడు బాబాయ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వర్క్‌షాపుకి ఎవరూ అలా రారు. బండిని స్టాండు మీద పెట్టి, నన్ను పక్కకి పిలిచాడు.

"ఇంకో మాటు లేటయితే కేన్సిల్ కొట్టి విమానం ఎక్కించేత్తానన్నాడు మేనేజరు. బండి పాడైతే బాగుచేయించుకో, బండి బాగుంటే నువ్వే పాడు అన్నాడు. పదకొండేళ్లయింది అబ్బాయ్ నేనొచ్చి. ఈ వీసా మా బావమరిది తెచ్చింది. ఇలాగ పంపేత్తే ఇంటికాడ ఏటంటారో తెలుసా? తాగి పడిపోయుంటాడంటారు. నేను చుక్క ముట్టనోడిని."

"అలా ఎందుకంటారు బాబాయ్..."

"అంటారు. మా నాన్న తాగేవోడు." చీటీ పుస్తకం వైపు చూసి, "నువ్వు రాసిందే ఆయన చదువుతాడు. ఏదో ఒకటి ఉందని రాసెయ్యి. నీకేటి పోద్ది?"

ఉస్తాద్ విన్నాడు. కోపంగా కాదు గానీ, అల్లా ముందు లెక్క చెప్పాల్సినవాడిలా అన్నాడు: "లేంది ఎట్ల రాస్తం భాయ్? ప్లగ్గు జెప్తున్నది గదా, ఏం లేదని."

నిజమే, ప్లగ్గు చెబుతోంది. మూడోసారీ విప్పాను, మూడోసారీ అదే చెప్పింది. చీటీ పుస్తకం తీశాను. ఇక్కడ నా పరిస్థితి కొంచెం చెప్పాలి. అదే వాక్యం మూడోసారి రాయబుద్ధి కాలేదు. పట్టభద్రుడు ఒకే బండికి ఒకే వాక్యం ఎన్నిసార్లని రాస్తాడు? అందుకని ఇంగ్లీషులో ఇలా రాశాను: 'యంత్రంలో లోపం లేదు. దయచేసి నడిపే వ్యక్తిని తనిఖీ చేయించగలరు.' మేనేజరు మంగళూరు మనిషి, చదువుకున్నవాడు, చూసి నవ్వుకుంటాడనుకున్నాను. నవ్విన మనిషికి కోపం తగ్గుతుందని కూడా అనుకున్నట్టు గుర్తు. అప్పుడే అనుకున్నానో, తరవాత అవసరమై అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. చీటీని నలగకుండా నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకుని, పైన చెయ్యి ఆనించి చూసుకుని మరీ వెళ్లాడు. తన చేతులతోనే మేనేజరుకి ఇచ్చాడు.

మేనేజరు నవ్వలేదు. నాలుగు రోజుల తరవాత రొట్టె మళ్లీ ఆలస్యమైంది. వీసా కేన్సిల్ కాగితాలకి వెనక నా చీటీ పిన్ను కొట్టి కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, పంపారని ఉస్తాద్ చెప్పాడు. దాని మీద బేకరీ స్టాంపు కూడా వేశారట. నా హాస్యానికి అంతకుముందెప్పుడూ స్టాంపు పడలేదు.

ఇంకో వారానికి అదే బండి వేసుకుని కొత్త మనిషి వచ్చాడు. మీసాలున్న బెంగాలీ భాయ్, బలమైన వాడు. కాజ్‌వే సగం దాటాక బండి దెబ్బలు మింగుతోందన్నాడు. తరవాత గొంతు తగ్గించి, అక్కడ ఒంటి చెప్పుతో ఒకడు నిలబడి ఉంటాడటగా, నిజమేనా అని హిందీలో నన్నే అడిగాడు.

ఉస్తాద్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. నేను ప్లగ్గు విప్పడానికి కూడా పోలేదు. ఇద్దరు మనుషులు, ఇద్దరూ అక్కడే అంటున్నారు. పది గంటల ఎండలో నేనెన్ని చూస్తే ఏం లాభం? రేపు తెల్లవారి రొట్టెలు నేను తీసుకెళ్తానన్నాను. తన ఉద్యోగాన్ని అంత ఆనందంగా ఇంకొకరికి అప్పగించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆగస్టు తెల్లవారుజాము బహ్రెయిన్‌లో గాలి కాదు, తడిగుడ్డ. గోడలు చెమటలు పోస్తాయి. కళ్లజోడు తుడిచిన మరుక్షణం మళ్లీ పట్టేస్తుంది. వెనక పెట్టెలోంచి వేడి రొట్టె వాసన వీపుకి తగులుతోంది. హూరా దాటేదాకా బండి బాగానే ఉంది. కాజ్‌వే ఎక్కాక రెండు పక్కలా నీళ్లు ఉండాలి గానీ కనిపించలేదు. నీళ్లూ ఆకాశమూ కలిసిపోయి బూడిద రంగు ఒక్కటే ఉంది. ముందర ఎక్కడో సిత్రా వైపు రిఫైనరీ మంట, పొగమంచులో నారింజ మరకలా, దగ్గరకూ రాదు, దూరమూ పోదు. రోడ్డు మీద నేను తప్ప ఎవరూ లేరు.

సగం దాటానో లేదో, ఒకటి మింగింది.

అదెలా ఉంటుందంటే, పక్కన నడుస్తున్న మనిషి హఠాత్తుగా ఆగిపోయినట్టు. తరవాత రెండు వరసగా మింగింది. బండి మెత్తగా వెనక్కి లాగింది, అచ్చంగా ఎవరో ఎక్కి కూర్చున్న బరువు. బాబాయ్ ఒక్క ముక్క కూడా ఎక్కువ చేసి చెప్పలేదు.

వెనక్కి తిరిగి చూశాను. ఆ దెయ్యాన్ని పుట్టించింది నేను. దానికి ఓవర్‌టైం ఎగ్గొట్టింది కూడా నేనే. అయినా తిరిగి చూశాను. చూసి, మళ్లీ ముందుకు తిరగడానికి భయమేసింది. పెట్టె, దాని వెనక తడి రోడ్డు, అంతే. ఉదయం అయిదు దాటాక, ముప్ఫై ఏళ్లకు దగ్గరపడ్డ ఫిజిక్సు పట్టభద్రుడు రొట్టెల పెట్టె వైపు చూస్తూ బండి నడిపాడని మా మేష్టర్లకి తెలిస్తే ఆ విద్యుత్తు పేపరు మళ్లీ దిద్దేవాళ్లు.

పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండా, దిగి గొంతుకూర్చున్నాను. చొక్కా విప్పి ప్లగ్గు మీద పందిరిలా పట్టి, ఆ చీకట్లోకి తల దూర్చాను. ఇంజన్ దెబ్బ మింగినప్పుడల్లా, ప్లగ్గుకి తొడిగిన రబ్బరు టోపీ అంచు కింది నుంచి నీలంగా ఒక పోగు బయటకి పాకి, ఇనుము మీదకి దిగి మాయమవుతోంది. లోపల పడాల్సిన నిప్పు బయట పడుతోంది. చాలా అందంగా ఉంది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే దాన్ని గీయగలను.

ఇంజన్ ఆపి, చెయ్యి కాలుతున్నా టోపీ లాగాను. ప్లగ్గు పై భాగం తెల్ల పింగాణీ. దాని మీద పెన్సిలుతో గీసినట్టు వెంట్రుకంత గీత, పగులు. పొడిగా ఉన్నప్పుడు అది ఏమీ చెయ్యదు. సముద్రపు తేమ, ఉప్పు అందులో చేరితే కరెంటుకి దారి అవుతుంది. ఇంజన్ వేడికి తడి ఆరిపోతే దారి మూసుకుపోతుంది. ఎండలో పది గంటలకు మా దుకాణంలో అది ఎవరికీ కనిపించదు. కనిపించేది, చూస్తే. మేమిద్దరం కలిసి మూడుసార్లు ఆ ప్లగ్గుని విప్పాం. మూడుసార్లూ మంట తగిలే కొసే చూశాం. చదవడం వచ్చినవాళ్లం కదా, చదవాల్సింది అక్కడే ఉంటుందని మాకు తెలుసు.

గీత మొదలైన చోట పింగాణీ గోరంత చితికి ఉంది. ప్లగ్గు పానా అంచు వంకరగా తగిలితే పడే దెబ్బ అది. మా పానా లోపల ప్లగ్గుని నిటారుగా పట్టుకునే రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. "సీదా వట్టు డిగ్రీ, తల వంగనియ్యకు" అని ఉస్తాద్ వందసార్లు చెప్పి ఉంటాడు. ఆ బండికి జూన్‌లో సర్వీసింగ్ చేసి ప్లగ్గు బిగించింది నేను. బిగిస్తూ ఎవరికో ఏదో చెబుతున్నాను. నవ్వించే ముక్క ఇంకా రాలేదు. పానా ఒరిగింది, చేతికింద టిక్కుమంది, పల్లీ కాయ పగిలినంత చప్పుడు. విన్నాను. ఆ ముక్క వచ్చేదాకా ఆగలేక చెప్పడం పూర్తిచేశాను. వాళ్లు నవ్వారు. ఏం చెప్పానో మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తురాదు.

గుడ్డతో పింగాణీ తుడిచి క్యాంపుకు చేరేసరికి బస్సులు వెళ్లిపోయాయి. క్యాంపు బాసు రొట్టె పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసి, "నువ్వూ ఆ పాతవాడి తమ్ముడివా?" అన్నాడు.

దుకాణంలో ఉస్తాద్ ప్లగ్గు తీసుకుని అలవాటు ప్రకారం కొస వైపు తిప్పబోయాడు. నేను తిరగేసి చూపించాను. చూశాడు. తరవాత గోడకి వేలాడుతున్న పానా వైపు చూశాడు. తరవాత నా వైపు. లేచి వెళ్లి పానాని పాత సామాన్ల డ్రమ్ములో పడేశాడు. అది అడుగు దాకా పోయేవరకు చప్పుడు వచ్చింది.

మధ్యాహ్నం బేకరీ మేనేజరు దగ్గరికి వెళ్లాను. ప్లగ్గు బల్ల మీద పెట్టి, లోపం బండిదే, మనిషిది కాదు అని చెప్పాను. ఆయన ఫైలు తెరిచి నా చీటీ నా వైపు తిప్పాడు.

"మరి ఇది?"

"అది సరదాకి రాశానండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సరదాకి," అన్నాడు. "టికెట్టు ఆదివారానికి. మీ లెటర్‌హెడ్ మీద, పొరపాటు మా వర్క్‌షాపుది అని రాసి, సంతకం పెట్టి శనివారం లోపల తెండి. కఫీల్‌తో మాట్లాడి చూస్తాను. మాట ఇవ్వను. చూస్తాను."

ఉస్తాద్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "ఎనిమిది బండ్లున్నయ్ బేకరీవి. గవి పోతె మన దుకాణం ఓనరు, అర్బాబ్, షట్టర్ దించుతడు. నువ్వు వడ్రంగివి, నేను పెయింటర్‌ని, వీసాల మీద. మనల్ని ఎవలు వెట్టుకుంటరు?" గుడ్డ పక్కన పడేసి, "నీ చెయ్యి, నీ కలం. నేనేం జెప్త?" అన్నాడు.

లెటర్‌హెడ్ పుస్తకం నా సొరుగులోనే ఉండేది. గురువారమంతా ఆ సొరుగు తెరవకుండా పని చేశాను. చాలా పని జరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం సిత్రా క్యాంపుకు వెళ్లాను. టికెట్టు వచ్చేదాకా బాబాయ్ అక్కడ తన ఊరివాళ్ల గదిలో ఉంటున్నాడు. సెలవు రోజు కాబట్టి మంచాల మీద అందరూ ఉన్నారు. ఆయన మోకాలు అదిమిపెట్టి పెట్టెకి తాడు కడుతున్నాడు. పక్కన కూర్చుని చెప్పాను. ప్లగ్గు మీద పగులు, తేమ, నీలం పోగు. ప్లగ్గు చేతికిచ్చాను. ఆయన గోటితో గీతని అటూ ఇటూ రాసి చూశాడు.

"అయితే బండే."

"బండే బాబాయ్."

"నేను కాదు. ఆ మనిషీ కాదు."

"ఎవరూ లేరు అక్కడ."

"మేనేజరుకి చెప్పేవా?"

"చెప్పాను. టికెట్టు ఆదివారానికన్నాడు." ఇందులో అబద్ధం లేదు. మిగతాది చెప్పలేదు, అంతే.

"ఎవరు పగలగొట్టేరు దీన్ని?"

గదిలో మిగతావాళ్లు కూడా వింటున్నారు. ఎవరో రేడియో తగ్గించారు.

"పాతబడిపోయింది బాబాయ్," అన్నాను.

ఆయన తలూపాడు. పాతబడడం ఆయనకి అర్థమైన విషయం. "మరి ఆ మాటే తెలుగులో రాసిత్తావా? మా బావమరిదికి చూపించాలి. నేను చెప్తే నమ్మడు, చదువుకున్నోడి దస్తూరీ అయితే నమ్ముతాడు."

ఒకతను నోటుపుస్తకంలోంచి గీతల కాగితం చింపి ఇచ్చాడు. పెట్టె మూత మీద పెట్టి రాశాను. బండి ప్లగ్గు పగిలినందువల్ల ఆలస్యం జరిగిందనీ, ఇతను తాగే మనిషి కాడనీ, పదకొండేళ్లు బాగా పనిచేశాడనీ. ఒక్క చమత్కారం లేకుండా నేను రాసిన కాగితం అదొక్కటే. కింద బీయస్సీ అని కూడా పెట్టాను. ఆయన దాన్ని మంచాల వైపు తిరిగి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, గట్టిగా చదివాడు. చదివి, "విన్నారా? ఇంజినీరుగారు రాసేరు. కాజ్‌వే మీదకి ఒక్కడే పోయి దొరకబట్టేడు నా కోసం," అన్నాడు. కాగితాన్ని పాస్‌పోర్టు మధ్యలో పెట్టాడు.

నాకు టీ ఇప్పించాడు. కూర్చోవడానికి తన మంచం మీద దుప్పటి దులిపి పరిచాడు. నా పక్కన కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా, నేనెంత మంచివాణ్ణో అందరికీ చెప్పాడు. నేను నెమ్మదిగా తాగాను. ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు, అదీ తాగాను. శనివారం కూడా ఆ సొరుగు తెరవలేదు.